నొప్పి ఎప్పుడొస్తోంది? దాన్ని బట్టే వ్యాయామం

ఫిజియో దగ్గరికెళ్లి నొప్పి ఉన్న చోటు వేలితో చూపిస్తే సగమే చెప్పినట్టు. ఏం చేస్తే పెరుగుతోంది, ఎలా ఉంటే తగ్గుతోంది అన్నది రెండు రోజులు గమనించి మరీ వెళ్లండి. ఒకరి నడుముకి పనికొచ్చిన వ్యాయామం ఇంకొకరిని మంచాన పడేయగలదు.

ముందుగా ఒక హెచ్చరిక. మలమూత్రాల మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం కనిపిస్తే ఆ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఉన్నట్టుండి ఒక పిక్క మాత్రమే వాచి వేడెక్కినా అదే రోజు చూపించుకోవాలి. పాదం పైకి లేవకపోవడం, జ్వరంతో వచ్చే నొప్పి, ఎలా పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు చూడాలి, వ్యాయామాలు ఆ తర్వాతే.

కూర్చుంటే నడుము నొప్పి, లేచి తిరిగితే నయం

కారణం: బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ట్రాఫిక్‌లో కూర్చుని, ఆఫీసులో మళ్లీ ల్యాప్‌టాప్ మీదికి వంగితే రోజంతా వెన్ను ముందుకే వంగి ఉంటుంది. ఆ వంపులో డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) వెనక్కి ఒత్తుకుని నరానికి తగిలితే నొప్పి పిర్రలోంచి పిక్కలోకి లాగుతుంది.

పరిష్కారం: బోర్లా పడుకుని రెండు నిమిషాలు కదలకుండా ఉండండి. తర్వాత మోచేతుల మీద లేచి ఇంకో రెండు నిమిషాలు. అది ఇబ్బంది పెట్టకపోతే అరచేతులు ఆనించి ఛాతీ పైకెత్తండి. తుంటి నేలకే ఉండాలి, పిర్రలు బిగించకూడదు. పదిసార్లు, రెండు మూడు గంటలకోసారి. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చేస్తున్నప్పుడు కాలిని గమనించండి. పిక్కలో ఉన్న నొప్పి తొడలోకి, అక్కణ్నుంచి నడుములోకి వెనక్కి జరుగుతుంటే, నడుములో కాస్త పెరిగినా సరే, దారి మంచిదే. పాదం వైపు దిగుతుంటే వెంటనే ఆపేయాలి.

దీనికి తోడు 20 లీటర్ల నీళ్ల క్యాను. ఇరవై కిలోల బరువు వంగి లేపి, పక్కకి తిరిగి డిస్పెన్సర్ మీద బోర్లించడమంటే నడుముకి నచ్చనివన్నీ ఒకేసారి చేయడమే. పొద్దున లేచిన మొదటి గంటలో అసలు ముట్టుకోవద్దు. రాత్రంతా నీరు పీల్చుకుని డిస్కులు బిగుతుగా ఉంటాయి. క్యాను మూతికి బిగించే ఛార్జింగ్ పంపు కొనుక్కుంటే ఎత్తే బాధే ఉండదు.

నడిస్తే నొప్పి, కూర్చుంటే హాయి

పైదానికి పూర్తిగా తిరగబడ్డ లక్షణం. పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు అపార్ట్‌మెంట్ చుట్టూ ఒక రౌండు కాకుండానే బెంచీ వెతుక్కుంటున్నారా? సూపర్ మార్కెట్‌లో ట్రాలీ మీద వాలి మాత్రం హాయిగా తిరుగుతున్నారా? వెన్నులో నరాల దారి ఇరుకై ఉండొచ్చు, అదే స్పైనల్ స్టెనోసిస్. వెన్ను ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది. వీళ్లతో బోర్లా పడుకుని లేచే వ్యాయామం చేయిస్తే నొప్పి పెరుగుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం, కదలని సైకిల్ తొక్కడం నయం. కూర్చోనక్కర్లేదు, ఆగి నిలబడితే చాలు పిక్క నొప్పి పోతోందంటే రక్తనాళాలు కూడా చూపించాలి.

మెట్లు దిగేటప్పుడు మోకాటి చిప్ప దగ్గర పోటు

అద్దం ముందు 10-15 సెంటీమీటర్ల పీట మీంచి ఒక కాలితో నెమ్మదిగా దిగి చూడండి. మోకాలు లోపలికి వాలుతుంటే తొడతో పాటు తుంటి పక్క కండరాలకూ బలం చాలడం లేదన్నమాట. మోకాటి పట్టీ ఒక్కటే వేసుకుంటే ఆ బలం రాదు. పక్కకి తిరిగి పడుకుని, పై కాలిని కాస్త వెనక్కి ఉంచి పదేసి చొప్పున మూడుసార్లు ఎత్తండి. గోడకి ఆని, మోకాళ్లు సగమే వంచి 30 సెకన్లు, ఐదుసార్లు. తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

పొద్దున కీళ్ల బిగుతు అరగంటలో వదిలితే అరుగుదల కావచ్చు. గంట దాటినా వదలక, వేళ్ల కణుపులు వాస్తే రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవాలి.

మంచం దిగి మొదటి అడుగేస్తే మడమలో సూది

ఇది ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పొర నొప్పి. మెట్టు అంచున నిలబడి, కాలివేళ్ల కింద చుట్టిన టవల్ పెట్టి, మూడు సెకన్లు లేచి, రెండు ఆగి, మూడు సెకన్లలో దిగండి. పన్నెండేసి మూడుసార్లు, రోజు విడిచి రోజు. టైల్స్ మీద వట్టికాళ్లతో తిరగొద్దు. ఇంట్లో చెప్పులేంటని పెద్దవాళ్లు గొణిగినా ఒక జత విడిగా పెట్టుకోండి.

పిలాటీస్ మొదలుపెట్టాక కొత్త నొప్పులు

పిలాటీస్ అంటే పొట్ట, వెన్ను కండరాలను అదుపులో ఉంచుతూ చేసే వ్యాయామ పద్ధతి. అందులో వెల్లకిలా పడుకుని, తల, కాళ్లు పైకెత్తి చేతులు ఆడించే హండ్రెడ్ చేస్తే మెడ పట్టేస్తోందంటే, పొట్ట చేయాల్సిన పని మెడ చేస్తోందని అర్థం. తల దించేయండి, మోకాళ్లు వంచే ఉంచండి. పది శ్వాసల బదులు మూడు నాలుగుతో మొదలుపెట్టండి. కాళ్లు దించుతుంటే నడుము మ్యాట్ మీంచి లేస్తోందా? లేచే చోటుకి ముందే ఆపండి. తోటివాళ్ల కాళ్లు ఎంత కిందికి వెళ్తున్నాయో మనకెందుకు.

రిఫార్మర్ (స్ప్రింగులకు తగిలించిన క్యారేజ్ అనే జారే బల్ల ఉండే పిలాటీస్ పరికరం) మీద స్ప్రింగు తగ్గిస్తే ప్రతిదీ సులువవుతుందనుకోవడం పొరపాటు. పడుకుని కాళ్లతో తోసేటప్పుడు తేలికవుతుంది, నిజమే. చేతుల మీద ఒళ్లు నిటారుగా నిలిపే ప్లాంక్‌లో మాత్రం క్యారేజ్ ఆగక జారుతూ పొట్టకి పని పెంచుతుంది. స్ప్రింగు రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి స్టూడియో మారితే అడగండి.

అసలు జాగ్రత్త ఇంకొకటుంది. జోసెఫ్ పిలాటీస్ (1883-1967) రూపొందించిన మ్యాట్ క్రమంలో వెన్ను గుండ్రంగా వంచే కదలికలు చాలా ఉన్నాయి. కూర్చుంటే నొప్పి వచ్చే రకం వాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు రోల్ అప్, రోల్ ఓవర్ లాంటివి వదిలేయాలి. గ్రూప్ క్లాసులో చేరే రోజే ట్రైనర్‌కి ఈ విషయం చెప్పండి.

పది సిట్టింగులయ్యాయి, నొప్పి మళ్లీ వచ్చింది

కరెంటు, అల్ట్రాసౌండ్, మైనం కాపడం ఇచ్చే ఉపశమనం కొద్దిసేపటిదే. ఆ వెసులుబాటులో కండరానికి పని చెప్పకపోతే డబ్బు వృథా. ఇంట్లో చేయాల్సినవి కాగితం మీద రాసివ్వమని మొదటి రోజే అడగండి. ప్యాకేజీ భారమైతే బెంగళూరు జయనగర్‌లోని ప్రభుత్వ సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ సంస్థలో కనుక్కోవచ్చు.

చేసిన మర్నాడు ఒళ్లు నొప్పులు

కొత్త వ్యాయామానికి కండరం ఒకటి నుంచి మూడు రోజులు నొప్పెడితే మామూలే. కీలు నొప్పి లెక్క వేరు. చేస్తున్నప్పుడు నొప్పిని పదికి లెక్కేస్తే మూడు లోపు ఉండి, 24 గంటల్లో మునుపటి స్థాయికి దిగితే అదే మోతాదు కొనసాగించండి. దిగకపోతే వ్యాయామం మానేయకుండా సంఖ్య సగానికి తగ్గించి, వారం చూసి మళ్లీ పెంచండి.