ఎదురు మాట్లాడే పిల్లతో ఇంట్లో ఎలా నెగ్గుకురావాలి

మా అమ్మాయికి పద్నాలుగో ఏడు వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ప్రతి మాటకీ ఒక ఎందుకు తగులుకుంది. స్నానం చేయమంటే ఇప్పుడే ఎందుకు, ఫోన్ పక్కన పెట్టమంటే నాన్న పెట్టారా, పండక్కి వచ్చిన పెద్దనాన్నకి దణ్ణం పెట్టమంటే 'పోయినసారి నిన్ను అందరి ముందూ అంత మాట అన్నారు, ఎందుకు పెట్టాలి' అని. చుట్టాలంతా ఉన్నారు. పళ్లు రాలగొడతానన్నాను.

అది అన్నది నిజం. అన్న చోటు, అన్న గొంతు తప్పు. నేను రెండింటికీ కలిపి తిట్టేశాను. అందుకే మీకు ముందు చెప్పేది ఇదే: పిల్లలు ఏం అన్నారు, ఎలా అన్నారు, ఈ రెండింటినీ విడదీయండి. 'నువ్వు చెప్పిందాంట్లో ఇది నిజమే, కానీ ఈ గొంతుతో కాదు, మళ్లీ మామూలుగా చెప్పు, వింటాను' అనండి. అన్నాక నిజంగా వినాలి, సబబుగా ఉంటే మీ నిర్ణయం మార్చుకోవాలి కూడా. మెల్లగా చెప్పినప్పుడు పట్టించుకోకుండా, అరిచినప్పుడు మాత్రం 'సరే పో' అని ఒప్పుకుంటే మనమే అరవడం నేర్పినట్టు.

వాదనకి వేళ చూసుకోండి. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు భాగం ఇరవై దాటాక కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, పైగా ఈ వయసులో నిద్ర ఆలస్యంగా పడుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు, మన పిల్లలేమో రాత్రి ట్యూషన్ నుంచి వచ్చి పొద్దున్నే బస్సెక్కాలి. ఆ గుమ్మంలోనే మార్కుల సంగతి ఎత్తితే గొడవ కాక ఏమవుతుంది? అన్నం పెట్టండి, మిగతాది ఆదివారం మాట్లాడుకోవచ్చు.

కుదరదు అనే విషయాలు ఇంట్లో నాలుగైదుకు మించి వద్దు, వాటికి 'నేను చెప్పాను కాబట్టి' అనేది కారణం కాదు. పదహారేళ్ల అబ్బాయి బైక్ తాళాలు అడిగాడనుకోండి, 2019లో మారిన చట్టం చూపించండి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, వాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్స్ రాదు. జుట్టు, బట్టలు, గది సర్దడం లాంటివి వాళ్లకే వదిలేయండి, పంతం పట్టడానికి అవి తగినవి కావు.

మా ఇంట్లో అసలు యుద్ధం టెన్త్ అయ్యాక గ్రూపు దగ్గర జరిగింది. మేము ఎంపీసీ అన్నాం, అది సీఈసీ తీసుకుని లా చదువుతానంది. వారం రోజులు అరుచుకున్నాక మావారు తలా ఒక కాగితం ఇచ్చారు. ఏ గ్రూపు, ఆ తర్వాత ఏం చదవాలి, ఏ పరీక్ష రాయాలి, ఫీజెంత, ప్రయాణం ఎంత, ఇవన్నీ రాసి ఆదివారం కూర్చోవాలి. లా కాలేజీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాయడానికి ఇంటర్లో ఏ గ్రూపైనా పర్వాలేదని అదే వెతికి రాసుకొచ్చింది. మా కాగితంలో సగం గళ్లు ఖాళీ. సీఈసీలోనే చేర్పించాం. మీ ఇంట్లో ఇలాగే తేలాలని లేదు, కానీ ఎదిరించే పిల్లకి వాదనతో పాటు దానికి ఆధారం తెచ్చే పని కూడా అప్పగించండి.

ఇంకో సంగతి, నాన్నమ్మ సరే అని అమ్మ కాదంటే ఏ నియమమూ నిలవదు, పెద్దవాళ్లు ముందే ఒక మాట అనుకోవాలి. పిల్ల వింటుండగా దాని గొడవలు ఫోన్లో చుట్టాలకి చెప్పకండి.

వాదించే పిల్ల ఉన్నట్టుండి మాట మానేసినా, తిండీ నిద్రా తగ్గినా, చచ్చిపోతానన్నా అది పొగరు అనుకోవద్దు. వెంటనే డాక్టర్‌కి చూపించండి, 14416 నంబరుకి, అంటే మానసిక ఆరోగ్య సాయం చేసే టెలీమానస్‌కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

నోరు జారింది మీరైతే సారీ మీరే ముందు చెప్పండి, 'నువ్వు కూడా' అని తోక తగిలించకుండా. పెద్దనాన్న విషయంలో నేను మూడు రోజులు ఆలస్యం చేశాను. రాత్రి దాని గదిలోకి వెళ్లి, నువ్వు నా తరఫునే మాట్లాడావు, నేనే నిన్ను తిట్టాను అన్నాను. ఏమీ అనలేదు, మంచం మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.