రక్తం ఎక్కించడం – 4వ పాఠం: మళ్లీ శాంపిల్ దగ్గరికే

ఈసారి ఎక్కించిన రక్తం పడక వచ్చే రియాక్షన్ల గురించి చెప్పాలి. కానీ పోయిన పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక శాంపిల్ దగ్గరే ఆగక తప్పడం లేదు. రక్తం శాంపిల్ తీసేముందు పేషెంటును ఎలా గుర్తుపడతారంటే ఎక్కువమంది రాసింది: పేరు, మంచం నంబరు.

మంచం నంబరు గుర్తింపు కాదు. ఫ్యాను కింద మంచం ఖాళీ అయితే తెల్లారేసరికి అందులో వేరే మనిషి ఉంటాడు. పేరంటారా, ఇది విశాఖపట్నం. సింహాద్రి అప్పన్న పక్కనే ఉన్న ఊరు. ఏ వార్డులో చూసినా అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, అప్పలకొండలు. "అప్పలరాజేనా?" అంటే మగతలో ఉన్నవాడూ, చెవుడున్నవాడూ "ఆఁ" అనేస్తారు. "మీ పేరేటండీ? నాన్నగారి పేరేటి?" అని వాళ్ల నోటితోనే చెప్పించండి. పూర్తి పేరు, వయసు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) మూడూ కేస్ షీటుతో, చేతి బ్యాండుతో కలవాలి.

ఇంకో జబ్బు, ముందే లేబుళ్లు అంటించి ట్రేలో పేర్చుకున్న ట్యూబులు. లేబుల్ రాయాల్సింది రక్తం తీశాక, మంచం పక్కనే. క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం పేషెంటుకు పడుతుందో లేదో చూసే పరీక్ష) చేసేది ట్యూబులో రక్తానికి, మంచం మీది మనిషికి కాదు. ‘O’ గ్రూపు అప్పలరాజు పేరుతో ‘A’ గ్రూపు అప్పలరాజు రక్తం వెళ్లిందనుకోండి, బ్లడ్ బ్యాంకులో అన్నీ సవ్యంగానే తేలతాయి. బ్యాగు మీద పేరూ ఫారం మీద పేరూ ఒకటే. పాత గ్రూపు రికార్డు ఉంటే తప్ప తప్పు దొరకదు. అందుకే లేబుల్లో తేడా వస్తే వాళ్లు దిద్దనివ్వరు, కొత్త శాంపిల్ అడుగుతారు. వాళ్లతో గొడవకు దిగకండి.

బ్యాగు వచ్చాక మంచం దగ్గర ఇద్దరు కలిసి మళ్లీ ఇదే తంతు. 170–200 మైక్రాన్ల ఫిల్టరున్న సెట్టే (రక్తం ఎక్కించే గొట్టం) వాడాలి. ఆ లైన్లో నార్మల్ సెలైన్ (ఉప్పునీటి ద్రావణం) తప్ప ఏదీ వద్దు: డెక్స్ట్రోజ్ ఎర్రకణాలను పగలగొడుతుంది, రింగర్ లాక్టేట్‌లోని కాల్షియం గడ్డ కట్టిస్తుంది. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా, మీరు అక్కడే ఉండి. చలి, నడుంనొప్పి, ఎర్రటి మూత్రం కనిపిస్తే బ్యాగు ఆపండి, కాన్యులా (నరంలో పెట్టిన చిన్న గొట్టం) తీయకండి, కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి డాక్టర్ని పిలవండి. మిగతాది వచ్చేసారి.

అభ్యాసం: ఎర్రకణాల బ్యాగు ఫ్రిజ్‌లోంచి తీసింది 1:10కి. వార్డుకు చేరింది 1:25కి. కాన్యులా ఊడిపోయి కొత్తది పెట్టేసరికి 1:50. 30 నిమిషాలు దాటితే బ్యాంకు వెనక్కి తీసుకోదు. ఫ్రిజ్‌లోంచి తీసిన 4 గంటల్లోపు ఎక్కించడం పూర్తవ్వాలి. ఈ బ్యాగును ఏం చేస్తారు? ఎక్కిస్తే ఎన్నింటికల్లా ముగించాలి? చల్లగా ఉందని అటెండెంటు వేణ్నీళ్ల గిన్నె తెస్తే ఏమంటారు, ఎందుకు?