మ్యాజిక్ కింగ్‌డమ్‌లో హాలోవీన్ పార్టీ: ఆ ఐదు గంటలు ఎలా వాడుకోవాలి

ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గరున్న డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్ థీమ్ పార్క్‌లో ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ 31 దాకా కొన్ని రాత్రులు ‘మికీస్ నాట్ సో స్కేరీ హాలోవీన్ పార్టీ’ పెడతారు. పార్టీ వేళ రాత్రి 7 నుంచి 12 వరకు. దీనికి టికెట్ వేరు. పగటి టికెట్‌తో వచ్చినవాళ్ళని సాయంత్రమే పంపించేస్తారు. పార్టీ టికెట్ ఉంటే మాత్రం 4 గంటలకే లోపలికి వదులుతారు, కాబట్టి ఆ రోజుకి పగటి టికెట్ దండగ. చేతికి కట్టే బ్యాండ్ పార్టీ అయ్యేదాకా తియ్యకండి, అదే మీ టికెట్.

ఓర్లాండోలోనే ఉన్న మరో థీమ్ పార్క్ యూనివర్సల్ వాళ్ళ ‘హాలోవీన్ హారర్ నైట్స్’, ఈ పార్టీ ఒకటే అనుకోవద్దు. అది నిజంగానే భయపెడుతుంది, అక్కడ వేషాలు వేసుకోనివ్వరు. చిన్నపిల్లలుంటే మికీ పార్టీకే వెళ్ళండి.

2025లో పెద్దవాళ్ళ టికెట్ రోజుని బట్టి 119 నుంచి 229 డాలర్ల దాకా ఉంది, పన్ను అదనం. మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు. ఆగస్టులో చవక, కానీ ఉక్కపోత, ఉరుముల వాన. అక్టోబర్‌లో కాస్త చల్లబడుతుంది, ధర మాత్రం ఎక్కువ, చివరి రాత్రులు ముందే అమ్ముడైపోతాయి. వాన పడిందని డబ్బు వెనక్కివ్వరు. మాకైతే సెప్టెంబర్‌లో వారం మధ్య రోజు మేలనిపిస్తుంది.

వేషాల దగ్గర చాలామంది గేటు బయటే చిక్కుకుంటారు. 14 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళు మాస్క్ పెట్టుకోకూడదు. నేలకి రాసుకునే బట్టలు కుదరవు, భుజాల మీంచి వెనక వేలాడే కేప్ నడుము దిగినా కుదరదు. అంతకంటే చిన్నవాళ్ళు మాస్క్ పెట్టుకోవచ్చు, అయితే ముఖమంతా మూయకూడదు, కళ్ళు కనబడాలి. నిజమైన ఆయుధంలా కనిపించేదేదీ రానివ్వరు. పిల్లవాడికి రాముడి వేషం వేస్తే విల్లూ బాణాలూ ఇంట్లోనే వదిలేయండి, కిరీటం చాలు. పాదాల మీద పడే లెహంగా అయితే రెండంగుళాలు పైకి మడిచి కుట్టండి, చీకట్లో పిల్ల తట్టుకుని పడకుండా ఉంటుంది.

బయటి తిండి తీసుకెళ్ళొచ్చు. గాజు సీసాలు, మద్యం మాత్రం కుదరవు. శాకాహారులకి పులిహోర, చపాతీ చుట్టలు సుఖం, వేడి చెయ్యక్కర్లేదు. కౌంటర్లలో ఐసు నీళ్ళు అడిగితే ఊరికే ఇస్తారు.

కారులో వెళ్తే పార్కింగ్ గేటు పక్కన ఉండదు. ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర ఆపి, మోనోరైల్‌లో గానీ ఫెర్రీలో గానీ చెరువు దాటాలి. దానికే 45 నిమిషాలు పక్కన పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. మామూలు రోజు దొరికే రైడ్ల కోసం పార్టీ గంటలు ఖర్చు చెయ్యకండి. 4 నుంచి 7 లోపు రైడ్లు, భోజనం కానిచ్చేయండి. ‘నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’ సినిమాలోని జాక్, శాలీతోనో స్నో వైట్ కథలోని ఏడుగురు మరుగుజ్జులతోనో ఫొటో కావాలంటే 7 కాకముందే లైన్లో నిలబడాలి. పార్టీ మొదలయ్యాక వెళ్తే ఆ ఒక్క ఫొటోకే గంటకు పైగా పోతుంది.

పరేడ్ మామూలుగా 9:15కి ఒకసారి, 11:15కి ఒకసారి. బాణసంచా 10:15కి. మీరు వెళ్ళే రోజు వేళలు డిస్నీ యాప్‌లో చూసుకోండి. మొదటి పరేడ్‌కి గేటు నుంచి కోటకి వెళ్ళే మెయిన్ స్ట్రీట్‌లో 45 నిమిషాల ముందే చోటు పట్టుకోవాలి, రెండో దానికి పావుగంట చాలు. అందుకే పిల్లలు మేలుకోగలిగితే రెండోదే మంచిది. ఒక్క మినహాయింపు: రాత్రి ఉరుములొచ్చేలా ఉంటే మొదటిదే చూసేయండి, మెరుపులుంటే పరేడ్ ఆపేస్తారు. పరేడ్ మొదలయ్యే ఫ్రాంటియర్‌ల్యాండ్ అనే భాగంలో నిలబడితే ముందుగా మీ దగ్గరికే వస్తుంది. పరేడ్‌కి కాస్త ముందు తలలేని రౌతు నల్లగుర్రం మీద, చేతిలో వెలిగే గుమ్మడికాయతో దూసుకుపోతాడు. ఆ క్షణం ఫోన్ చూస్తూ ఉంటే తప్పిపోతుంది.

బాణసంచా కోటకి ఎదురుగా నిలబడి చూడండి. పక్కనుంచి చూస్తే ఆకాశం కనిపిస్తుంది గానీ కోట గోడల మీద పడే బొమ్మలు సరిగ్గా కనబడవు.

పార్కులో అక్కడక్కడ పంచే చాక్లెట్లు తీసుకునే వేట ఆఖరికి ఉంచుకోండి. మొదట్లో లైన్లు పొడుగు, 10:30 దాటాక పలచబడతాయి. పైగా ఆగస్టు వేడికి చాక్లెట్లు సంచిలో కరిగిపోతాయి. వాళ్ళిచ్చే సంచి చిన్నది, గట్టి గుడ్డసంచి ఒకటి వెంట ఉంచుకోండి. అలర్జీ ఉన్న పిల్లలకి నీలాకుపచ్చ రంగు సంచి అడిగి తీసుకోండి, అందులో పడే టోకెన్లకి బదులు తర్వాత వేరే తినుబండారాలిస్తారు. శాకాహారులు ఇంటికొచ్చాక రేపర్ మీద జెలటిన్ ఉందేమో చదవాలి. అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్‌లో అది ఉంటుంది.

12 అయిందని పరిగెత్తకండి. అంతకు ముందే లైన్లో చేరితే రైడ్ ఎక్కనిస్తారు. తిరిగి కారు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎక్కువమంది మోనోరైల్‌కే ఎగబడతారు, అప్పుడు ఫెర్రీ వైపు వెళ్ళండి, ఒక్కో పడవలో వందలమంది పడతారు.