జపనీస్ నేర్చుకుందాం, 4వ భాగం: మన "లో"కి ని పెట్టాలా, దే పెట్టాలా?

పోయిన భాగంలో మాట వెనక తగిలించే వ (ఎవరి గురించి చెప్తున్నామో వాళ్ళకి), ఓ (తినేదేదో, తాగేదేదో దానికి) రెండూ చూశాం కదండీ, "వతషి వ గోహన్ ఓ తబెమస్" అంటే నేను అన్నం తింటాను, అక్కడిదాకా వచ్చాం. క్రియ చివర్లో రావడం మనకి పుట్టినప్పట్నించీ అలవాటే కాబట్టి వాక్యం కట్టడంలో పెద్ద కష్టమేం లేదు, తికమకంతా ని, దే దగ్గరే, ఎందుకంటే మనం రెండిటికీ "లో" అనేస్తాం.

"నర్సాపురంలో ఉన్నాను", "నర్సాపురంలో కాఫీ తాగుతాను". మొదటిది "నర్సాపురం ని ఇమస్", రెండోది "నర్సాపురం దే కోహీ ఓ నోమిమస్". ఊరికే ఉండటమైతే ని, అక్కడ ఏదైనా పని జరుగుతుంటే దే, అంతే. ఇమస్ మనుషులకీ జంతువులకీ, వస్తువులకీ చెట్లకీ అయితే అరిమస్, అంటే మన దొడ్లో ఆవుకి ఇమస్, పక్కనున్న కొబ్బరిచెట్టుకి అరిమస్.

ఇప్పుడు నర్సాపురం రేవుకి వెళ్దాం, అవతల సఖినేటిపల్లి. మన పంటుని, అదే గోదావరి దాటించే పెద్ద పడవని, జపనీస్‌లో ఫెరీ అనుకోండి. ఎక్కడం "ఫెరీ ని నోరిమస్". మనం "పంటెక్కాను" అని ఏమీ తగిలించకుండా అనేస్తాం కదా, వాళ్ళకి మాత్రం ని ఉండాల్సిందే. పంటు మీద సఖినేటిపల్లి వెళ్తాను అంటే "ఫెరీ దే సఖినేటిపల్లి ని ఇకిమస్", ఇక్కడ దే అంటే దేని మీద వెళ్తున్నామో అది, ని అంటే ఎక్కడికో అది. గోదావరి దాటడం "కవ ఓ వతరిమస్", కవ అంటే నది, మనం నదిని దాటాం అన్నట్టే ఓ వస్తుంది, నాకైతే ఇది భలే నచ్చుతుంది. దిగడానికి కూడా ఓ నే, "ఫెరీ ఓ ఓరిమస్". ఈ నాలుగూ రేవులో నిలబడి ఒక్కోటీ ఆ పని చేసేటప్పుడే పైకి అనుకుంటే టేబుల్ బట్టీ పట్టక్కర్లేదు.

ఒక్క చోట జాగ్రత్త. కాపురం ఉండటం కూడా పనే కదా అని దే పెట్టేస్తారు చాలామంది, కాదు, "పాలకొల్లు ని సుందే ఇమస్". ఉద్యోగం చేయడానికైతే దే, "భీమవరం దే హతరకిమస్".

అయిపోయిన పనికి మస్ తీసి మష్‌త పెట్టండి, నోరిమష్‌త, వతరిమష్‌త. వెళ్ళను, తినను అనాలంటే మసెన్, ఇకిమసెన్, తబెమసెన్. నేను, నువ్వు, ఆవిడ ఎవరైనా క్రియ మారదు, వెళ్తాను వెళ్తావు వెళ్తుంది అన్నీ ఇకిమస్సే.

ఇవి మీరు రాయండి: అమలాపురంలో బస్సెక్కాను. రావులపాలెంలో బస్సు దిగాను. అక్కడ అన్నం తిన్నాను. బస్సుని బసు అంటారు, అక్కడ అంటే సోకో. మొదటి వాక్యంలో దే, ని రెండూ వస్తాయి, ఏది ఊరికి, ఏది బస్సుకి అన్నది చూసుకుని రాయండి. జవాబులు 5వ భాగం మొదట్లోనే ఇస్తాను, తర్వాత కర (నుంచి), మదె (దాకా) పట్టుకుందాం.