తొడ మంట, పిక్క నొప్పి: తేడా ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి

కాలు నొప్పి అని వచ్చినవాళ్లను ఫిజియోథెరపిస్టుగా నేను ముందు అడిగేది ఒకటే: "ఎక్కడో చేత్తో చూపించండి." ఒక్క వేలితో ఒకే చోట నొక్కి చూపిస్తే చాలాసార్లు అది కండరమో కీలో అయి ఉంటుంది. అరచేత్తో పైనుంచి కిందికి రాస్తూ చూపిస్తే నరం మీద అనుమానం. దీన్నే నమ్ముకోమని కాదు, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుందంతే.

తొడ బయటివైపు మంట, తిమ్మిరి. ప్యాంటు రాసుకున్నా చురుక్కుమంటుంది

ప్యాంటు పక్క జేబులో చెయ్యి పెట్టుకుంటే అరచెయ్యి ఎక్కడ ఆనుతుందో దాదాపు ఆ మేరకే ఉంటుంది. కాలిలో బలం మాత్రం తగ్గదు, మెట్లు మామూలుగానే ఎక్కుతారు. అయినా డిస్క్ జారిందేమోనని నడుముకి స్కానింగ్ తీయించుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

నడుములో రెండు, మూడు వెన్నుపూసల దగ్గర బయల్దేరే ఒక సన్నని నరం, తుంటి ఎముక ముందు మొన పక్కగా, గజ్జల్లో ఉండే గట్టి పట్టీ కింద దూరి తొడ చర్మంలోకి వస్తుంది. దాని పని స్పర్శ తెలియజెప్పడమే, ఏ కండరాన్నీ కదిలించదు. బలం తగ్గకపోవడానికి కారణం ఇదే. ఆ ఇరుకు సందులో బెల్టు, బిగుతు జీన్స్, కిందికి దించి బిగించిన లంగా బొందు, ముందుకొచ్చిన పొట్ట, గర్భం, ఏది నొక్కినా మంట మొదలు.

ఒక క్యాబ్ డ్రైవర్‌ని పడుకోబెట్టి చొక్కా పైకి తీస్తే, తుంటి మొన మీద బెల్టు అచ్చు ఎర్రగా పడి ఉంది. పొట్ట పెరిగినా పెళ్లినాటి బెల్టు, అదే బెజ్జం! రోజుకి పన్నెండు గంటలు సీట్లో వంగి కూర్చుంటే ఆ నరం గతి ఏం కావాలి? బెల్టు మానేసి, బొందు ప్యాంటు వేసుకోమన్నాను. నెల తిరిగేసరికి మంట చాలావరకు పోయింది.

అందరికీ అంత త్వరగా తగ్గదు, కొందరికి నెలలు పడుతుంది. షుగర్ కూడా ఈ నరాన్ని దెబ్బతీయగలదు కాబట్టి ఒకసారి పరీక్ష చేయించుకోండి. మోకాలు నిలబడక మడత పడిపోతుంటే మాత్రం ఇది ఈ నరం పని కాదు, డాక్టర్ చూడాలి.

తొడ వెనకంతా లాగుతోంది

ఆడుతూనో పరిగెడుతూనో ఉండగా ఒక్కసారిగా పట్టేసి, రెండు రోజులకి కమిలినట్టు నల్లబడితే హ్యామ్‌స్ట్రింగ్. కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలి కిందికి దిగే మూడు కండరాలవి. మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. మర్దన వద్దు, కాలు పట్టి లాగించుకోవడం అసలే వద్దు.

నొప్పి పిరుదు నుంచి పిక్క, పాదం దాకా దిగుతూ, దగ్గితే జివ్వుమంటే సయాటికా, అంటే నడుము నుంచి కాలిలోకి దిగే పెద్ద నరం నొప్పి. మంచం ఎక్కి వారాలకు వారాలు పడుకుంటే ఇది తగ్గదు, ఓర్చుకోగలిగినంత నడవండి. మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ గంటే ఆసుపత్రికి.

కూర్చుని లేచాక పాదం పైకి లేవట్లేదు, చెప్పు జారిపోతోంది

మోకాలికి కాస్త కింద, బయటివైపు తడిమితే బొడిపెలా ఎముక తగులుతుంది. దాని మెడ చుట్టూ ఒక నరం చర్మం కిందే తిరుగుతుంది. గొంతుక్కూర్చుని పొద్దంతా కలుపు తీసినా, కాలు మీద కాలు వేసుకుని గంటలు గడిపినా నలిగిపోయేది అదే. కాసేపు తిమ్మిరెక్కి వదిలితే ఫరవాలేదు. పాదం లేవకుండా అలాగే ఉండిపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

రాత్రి పిక్క పట్టేస్తోంది

మోకాలు చాచి, కాలివేళ్లను మీవైపు లాక్కోండి. మంచం దిగి అరికాలు నేలకి ఆనించి నిలబడినా వదులుతుంది. పడుకునే ముందు గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదీసే అలవాటు కొందరికి బాగా పనిచేస్తుంది.

నడిచినప్పుడే, అదీ ఇంచుమించు అంతే దూరానికి పిక్క పట్టేసి, ఆగితే వదిలేస్తుంటే కథ వేరు. కాలికి రక్తం మోసుకెళ్లే నాళం సన్నబడి ఉండొచ్చు. సిగరెట్ తాగేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు దీన్ని వయసు మీదకి నెట్టేయకండి.

ఒక్క కాలే వాచి, వేడిగా, బరువుగా ఉంది

ఆపరేషన్, కాన్పు, మంచాన పడటం, నాలుగు గంటలు దాటిన ప్రయాణం, వీటి తర్వాత ఇలా అయితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దవాళ్లకి "విమానంలో కాలు పట్టేసిందిలే" అని ఇంట్లోవాళ్లు నూనె రాసి పిసుకుతుంటారు. కాలికి చెయ్యి తగలనివ్వకండి, అదే రోజు డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసేది) తీయించండి. ఆయాసమో, ఛాతీలో నొప్పో తోడైతే స్కాన్ సంగతి పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.