ఇంటి సర్వర్ నుంచి 4కె పెళ్లి వీడియో ఆగకుండా నడవాలంటే

వీడియోగ్రాఫర్ ఇచ్చిన హార్డ్ డిస్క్‌లోని పెళ్లి వీడియోను ఇంటి సర్వర్‌లోకి ఎక్కించి, కుటుంబమంతా టీవీ ముందు చేరాక, సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు బొమ్మ నిలిచిపోయి తెర మధ్యలో చక్రం తిరగడం మొదలైతే, సర్వర్ పాతబడిందనో ఇంటర్నెట్ నెమ్మదించిందనో అనుకోవడం సహజం. చాలా ఇళ్లలో ఈ రెండూ కారణాలు కావు. సర్వర్ నుంచి అదే ఇంట్లోని టీవీకి వెళ్లే వీడియో గడప దాటదు కాబట్టి, బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌ను 100 ఎంబీపీఎస్ నుంచి 300కు పెంచుకున్నా ఆ చక్రం అలాగే తిరుగుతుంది. కొత్త యంత్రం కొనే ముందు తేల్చుకోవలసినది ఒక్కటే: సర్వర్ ఆ ఫైల్‌ను ఉన్నదున్నట్టు పంపుతోందా, మార్చి పంపుతోందా, మారుస్తుంటే ఎందుకు మారుస్తోంది? ఇంటి సర్వర్‌లోని వీడియోలను టీవీలకు, ఫోన్లకు అందించే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నాను. అలాంటివే అయిన ప్లెక్స్‌లోనూ ఎంబీలోనూ మెనూల పేర్లు కొంత వేరుగా ఉన్నా వెతికే పద్ధతి ఇదే.

ముందుగా సర్వర్ ఏం చేస్తోందో చూడాలి

వీడియో నడుస్తుండగా గేర్ గుర్తు నొక్కి ప్లేబ్యాక్ ఇన్ఫో తెరవండి. అక్కడ డైరెక్ట్ ప్లే అని ఉంటే సర్వర్ ఫైల్‌ను ముట్టుకోకుండా పంపుతోందని అర్థం. రీమక్స్ అని ఉంటే బొమ్మను అలాగే ఉంచి, దాన్ని మోసే కంటైనర్‌ను, అంటే ఎంకేవీ, ఎంపీ4 వంటి ఫైల్ పొట్లాన్ని మాత్రమే మారుస్తోంది; డైరెక్ట్ స్ట్రీమ్ అని ఉంటే శబ్దాన్ని కూడా మారుస్తోంది. ఎంకేవీ ఫైల్‌ను బ్రౌజర్‌లో చూసినప్పుడు తరచూ జరిగేది ఇదే, దీనివల్ల సర్వర్‌పై పడే భారం నామమాత్రం. ట్రాన్స్‌కోడింగ్ అని ఉంటే మాత్రం ప్రతి ఫ్రేమును విప్పి మళ్లీ కుదిస్తోంది. 4కె ఫ్రేములో 82,94,400 పిక్సెళ్లు, అంటే 1080పీ ఫ్రేముకు సరిగ్గా నాలుగింతలు ఉంటాయి కాబట్టి, 1080పీని సునాయాసంగా మార్చే ప్రాసెసర్ 4కె దగ్గర చతికిలబడడంలో వింత లేదు.

ట్రాన్స్‌కోడింగ్ జరుగుతున్నప్పుడు అదే పెట్టెలో కారణమూ, సెకనుకు ఎన్ని ఫ్రేములు మారుతున్నాయన్న అంకె కూడా కనిపిస్తాయి. వీడియో 25 ఫ్రేములదై, అంకె 14 దగ్గర ఆడుతుంటే సర్వర్ అందుకోలేకపోతోందన్నది ఖాయం. థ్రాటిల్ ట్రాన్స్‌కోడ్స్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు, కావలసినంత ముందుగా మార్చి పెట్టుకున్నాక సర్వర్ కావాలనే ఆగుతుంది గనుక, ఈ అంకెను మొదటి నిమిషంలోనే చూడాలి. ఆ తర్వాత తగ్గిందని కంగారు పడనక్కరలేదు.

డైరెక్ట్ ప్లే అయినా ఆగుతుంటే

అప్పుడు తప్పు ప్రాసెసర్‌ది కాదు, దారిది. సోనీ కెమెరాల ఎక్స్‌ఏవీసీ ఎస్ ఫార్మాట్‌లో 25 ఫ్రేముల 4కె వీడియో 8-బిట్‌లో సెకనుకు 100 మెగాబిట్ల దాకా, రంగులను మరింత వివరంగా దాచే 10-బిట్ 4:2:2లో 140 మెగాబిట్ల దాకా తీసుకుంటుంది. సెకనుకు 100 మెగాబిట్లంటే మూడు గంటల పెళ్లికి 135 జీబీ. ఖరీదైన టీవీల్లో కూడా చాలావాటి ల్యాన్ పోర్టు నేటికీ 100 ఎంబీపీఎస్‌దే. అందులో నిజంగా పారేది 94 మించదు. అందుకే, తీగ వేస్తే ఏ బాధా ఉండదని గోడ తొలిచి కేబుల్ లాగించుకున్నవారికి, తీగ పీకేసి 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారాక వీడియో సాఫీగా నడవడం మింగుడుపడదు. రౌటర్ అదే గదిలోనో పక్క గదిలోనో ఉంటే వైఫైయే మేలు. మధ్యలో రెండు గోడలుంటే గిగాబిట్ పోర్టున్న స్ట్రీమింగ్ పెట్టె కొనుక్కోవచ్చు. కొన్ని ఆండ్రాయిడ్ టీవీలకు యూఎస్‌బీ గిగాబిట్ అడాప్టర్ కూడా పనిచేస్తుంది.

దారి వెడల్పును కొలవడానికి ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ పనికిరాదు. సర్వర్‌లో ఇంటి నెట్‌వర్క్ వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్3 అనే సాధనాన్ని నడిపి, దాని యాప్ ఉన్న ఫోన్‌నో ల్యాప్‌టాప్‌నో టీవీ ఉన్న చోటే పెట్టి కొలవాలి. వచ్చిన అంకె వీడియో బిట్‌రేట్‌కు, అంటే అది సెకనుకు తీసుకునే మెగాబిట్లకు, కనీసం ఒకటిన్నర రెట్లు లేకపోతే, ఆ బిట్‌రేట్ కెరటంలా లేచే ఘట్టాల దగ్గర, ముఖ్యంగా తలంబ్రాలు, బాణసంచా, నీళ్లు కనిపించే చోట, ఆగుతుంది. సర్వర్‌కూ రౌటర్‌కూ మధ్య గిగాబిట్ బదులు 100 అని కనిపిస్తే కేబుల్‌ను అనుమానించండి: గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ అవసరం, కొసన నాలుగే బిగించిన కేబుళ్లు మన ఇళ్లలో ఇంకా చాలా ఉన్నాయి.

హార్డ్ డిస్క్‌ను ఇందులో నిందించడం దాదాపు ఎప్పుడూ అన్యాయమే. సెకనుకు 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లే, పాత డిస్క్ కూడా దానికి ఎన్నో రెట్లు చదవగలదు. మొదట్లో మాత్రమే కొన్ని సెకన్లు ఆగి తర్వాత బాగా నడుస్తుంటే, నిద్రపోయిన డిస్క్ మేల్కోవడానికి తీసుకునే సమయమే అది.

మారుస్తుంటే, ఎందుకు మారుస్తోంది?

చాలామంది ఇక్కడే ప్రాసెసర్ మార్చడానికి సిద్ధపడతారు. నా అనుభవంలో, ట్రాన్స్‌కోడింగ్‌ను వేగవంతం చేయడం కంటే దాని అవసరం లేకుండా చేయడమే చవక, నమ్మకం కూడా.

మొట్టమొదట యాప్‌లోని క్వాలిటీ సెట్టింగ్ చూడండి. అది ఆటోలో ఉంటే, యాప్ తానే దారిని అంచనా కట్టి, తక్కువ పలికితే ఏ అవసరమూ లేకుండా సర్వర్‌ను కుదించమంటుంది. దాన్ని గరిష్ఠానికి పెట్టండి. దీనికి తోబుట్టువు లాంటి చిక్కు ఇంకొకటుంది. ఇంటర్నెట్ కంపెనీ బిగించిన పెట్టె ఒకటి, మనం కొన్న రౌటర్ ఇంకొకటి ఉన్న ఇళ్లలో సర్వర్ ఒక నెట్‌వర్క్‌లో, టీవీ మరొక నెట్‌వర్క్‌లో పడుతుంటాయి. అప్పుడు సర్వర్ ఆ టీవీని పరాయి ఊరి నుంచి వచ్చినదిగా భావించి, బయటివారికి పెట్టిన బిట్‌రేట్ పరిమితిని దానికీ వర్తింపజేయవచ్చు. ల్యాన్ నెట్‌వర్క్స్ అన్న గడిలో రెండు నెట్‌వర్క్‌ల చిరునామాలూ చేర్చాలి, లేదా రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వేరే నెట్‌వర్క్ సృష్టించకుండా వైఫై మాత్రమే ఇచ్చేదిగా, మార్చాలి. రెండోదే శుభ్రమైన పరిష్కారం.

శబ్దం కారణమైతే దిగులు లేదు. డీటీఎస్ అనే శబ్ద ఫార్మాట్‌ను పలికించలేని టీవీ కోసం సర్వర్ దాన్ని దాదాపు అన్ని పరికరాలూ పలికించే ఏఏసీలోకి మార్చడం చిన్న ప్రాసెసర్‌కైనా తేలిక. సబ్‌టైటిళ్ల సంగతి వేరు. ఎస్ఆర్‌టీ వంటి అక్షరరూప సబ్‌టైటిళ్లను యాప్ తానే బొమ్మ మీద చూపగలదు. బ్లూ-రే డిస్కుల్లోని పీజీఎస్ సబ్‌టైటిళ్లు అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని చూపలేని యాప్ ఎదురైతే సర్వర్ వాటిని ప్రతి ఫ్రేము మీదా అద్ది మొత్తం వీడియోను మార్చవలసివస్తుంది. సబ్‌టైటిళ్లు తీసేయగానే వీడియో సాఫీగా నడిచిందంటే కారణం దొరికినట్టే. తెలుగు సబ్‌టైటిళ్లను సర్వర్ అద్దినప్పుడు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే, సర్వర్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం. సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను విడి పెట్టెలో ఉంచి నడిపే డాకర్ కంటైనర్లలో (ఇవి ఫైల్ కంటైనర్లు కావు) ఇది మామూలే. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్‌ను ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ను డాకర్ కంటైనర్‌లోని ఫాంట్ల ఫోల్డర్‌కు (/usr/local/share/fonts/custom) జోడిస్తే సరిపోతుంది.

ఇక అసలు చిక్కు, పెళ్లి వీడియోలకు ప్రత్యేకమైనది, కోడెక్ దగ్గర, అంటే వీడియోను కుదించే పద్ధతి దగ్గర ఉంది. కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫైళ్లు తరచూ హెచ్.264లో 10-బిట్ 4:2:2 రంగులతో ఉంటాయి. ఎడిటింగ్‌కు అది గొప్ప ఎంపిక, చూడడానికి మాత్రం చెత్త ఎంపిక. టీవీలు దాన్ని విప్పలేవు. ఇటీవలి కొన్ని చిప్‌లను మినహాయిస్తే గ్రాఫిక్స్ చిప్‌లు కూడా విప్పలేవు. దాంతో భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (మార్పిడి పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సెట్టింగ్) ఆన్ చేశాను, అయినా ప్రాసెసర్ నూరు శాతం ఎందుకు మండుతోందని అడిగేవారి ఫైళ్లలో ముందుగా నేను చూసేది దీన్నే.

దీనికి మందు, ఒక్కసారి ముందుగానే మార్చి పెట్టుకోవడం. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో హెచ్.265 10-బిట్ ఎంచుకుని, కాన్‌స్టంట్ క్వాలిటీని 20 దగ్గర ఉంచి, శబ్దానికి ఏఏసీ పెట్టి, వెబ్ ఆప్టిమైజ్డ్ గడిలో టిక్ పెట్టండి. మొత్తం పెళ్లిని ఒకేసారి అప్పగించవద్దు. హోమగుండం పొగ, తలంబ్రాలు ఉన్న పది నిమిషాల ముక్కను మార్చి, టీవీలో చూసి, నాణ్యతా, ఫైల్ పరిమాణమూ నచ్చాకే మిగతాది రాత్రికి వదలండి. మూలం ఫైళ్లను చెరపకండి. సర్వర్ లైబ్రరీలోకి రాని మరో డిస్క్‌లో ఉంచండి.

అదే పెళ్లిలో బంధువులు ఐఫోన్‌తో తీసిన ముక్కలకు మరో గుణం ఉంది. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి ఆ ఫోన్లు వెలుగునీడల శ్రేణి ఎక్కువగా ఉండే డాల్బీ విజన్ హెచ్‌డీఆర్‌లో తీయగలవు. మామూలు తెర మీద వాటిని చూపాలంటే ఆ శ్రేణిని తెరకు సరిపడేలా కుదించే టోన్ మ్యాపింగ్ చేయాలి. అది ఆపేసి ఉంటే పట్టుచీరల రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి.

మార్చడం తప్పనిసరైతే

ఇంటెల్ 7వ తరం, అంటే 2016–17 నాటి కేబీ లేక్ నుంచి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగం 10-బిట్ హెచ్.265ను సొంతంగా విప్పగలదు. 6వ తరానిది 8-బిట్‌తోనే ఆగిపోతుంది. ఇంటెల్ ఎన్100 వంటి 6 వాట్ల చిన్న చిప్ కూడా ఒకటి రెండు 4కె మార్పిడులను టోన్ మ్యాపింగ్‌తో సహా లాగేయగలదు. పేరు చివర ఎఫ్ అక్షరమున్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ గ్రాఫిక్స్ భాగం ఉండదు. చవకగా వస్తాయని గేమింగ్ పీసీల్లో అవే ఎక్కువగా పెట్టించుకుంటారు కాబట్టి, పాత గేమింగ్ పీసీని సర్వర్ చేసేవారు దీన్ని ముందే చూసుకోవాలి. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై 5 కంప్యూటర్‌లో వీడియోను కుదించే హార్డ్‌వేర్ ఎన్‌కోడరే లేదు; దాన్ని డైరెక్ట్ ప్లేకు మాత్రమే వాడాలి.

జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డ్‌లో ట్రాన్స్‌కోడింగ్ కింద ఇంటెల్ గ్రాఫిక్స్ భాగాన్ని వాడే క్విక్ సింక్ ఎంచుకుని, మీ చిప్ నిజంగా విప్పగల కోడెక్‌లకే టిక్ పెట్టండి. అన్నింటికీ పెట్టేస్తే కొన్ని ఫైళ్లు అసలే తెరుచుకోవు. లైనక్స్‌లో, ముఖ్యంగా డాకర్‌లో, గ్రాఫిక్స్ పరికరాన్ని కంటైనర్‌కు అందించడం, సర్వర్ నడిచే యూజర్‌ను రెండర్ గ్రూపులో చేర్చడం మరవకూడదు. పని నిజంగా చిప్ మీదికి వెళ్లిందో లేదో ఇంటెల్ జీపీయూ టాప్ అనే సాధనం వీడియో వరుసలో చూపిస్తుంది. మార్పిడి ముక్కలు చేరే ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీ మీద ఉంచి, అందులో ఖాళీ ఉందో లేదో చూడండి. అది నిండితే వీడియో ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతుంది. మే నెలలో తలుపు మూసిన అల్మరాలో ఉన్న చిన్న పీసీ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మా ఇంట్లో జనవరిలో హాయిగా నడిచిన సర్వర్ వేసవిలో సాయంత్రాలు మాత్రమే మొరాయించడానికి కారణం ఇదేనని తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది.

గుంటూరులో సర్వర్, డల్లాస్‌లో పిల్లలు

ఇక్కడ లెక్క తిరగబడుతుంది: ఇప్పుడు ఇంటి అప్‌లోడ్ వేగమే హద్దు. పైగా చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచే సీజీన్యాట్ వెనుక ఉంటాయి. అందువల్ల రౌటర్‌లో పోర్టు తెరిచినా బయటివారు లోపలికి రాలేరు. రెండు చోట్లనున్న పరికరాలను ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌లా కలిపే టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్‌తో దాన్ని దాటవచ్చు గానీ, దాని స్టేటస్‌లో డైరెక్ట్ బదులు రిలే అని ఉంటే వీడియో మధ్యవర్తి సర్వర్ల గుండా నెమ్మదిగా వెళుతుంది; రెండు వైపులా ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాలు) ఆన్ చేస్తే తరచూ నేరుగా కలుస్తాయి. అంత దూరంలో ఒక్క ప్యాకెట్ (డేటా ముక్క) పోయినా దాన్ని మోసే టీసీపీ వేగాన్ని బాగా తగ్గించుకుంటుంది కాబట్టి, లైనక్స్ సర్వర్‌లో రద్దీ నియంత్రణను బీబీఆర్ అనే పద్ధతికి మార్చడం మేలు, కెర్నల్ 4.9 నుంచి అది అందులోనే ఉంది.

వారి కోసం 1080పీలో 6 నుంచి 8 ఎంబీపీఎస్ కాపీని విడిగా తయారుచేసి, వేరే లైబ్రరీలో పెట్టి, వారి యూజర్లకు ఆ లైబ్రరీ ఒక్కటే కనిపించేలా చేసి, ట్రాన్స్‌కోడింగ్ అనుమతి తీసేయండి. అప్పుడు సముద్రాలకు అవతల ఎంతమంది చూసినా, అప్‌లోడ్ ఉన్నంతవరకు, ప్రాసెసర్‌కు పని ఉండదు.

షెడ్యూల్డ్ టాస్క్స్‌ను కూడా ఒకసారి తెరవండి. ట్రిక్‌ప్లే బొమ్మలు (వీడియోను ముందుకు జరిపేటప్పుడు కనిపించే చిన్న బొమ్మలు), చాప్టర్ బొమ్మలు తయారుచేసే పనులు 4కె ఫైళ్ల మీద ప్రాసెసర్‌ను గంటల తరబడి పట్టుకుంటాయి, వాటిని అర్ధరాత్రి తర్వాతకు పెట్టడం ఆనవాయితీ. మన రాత్రి 2 గంటలకు డల్లాస్‌లో ముందురోజు మధ్యాహ్నం, వారాంతమైతే పిల్లలు తెర ముందుండే సమయం. డల్లాస్‌లో రాత్రి 9 గంటలైనప్పుడు మనకు వేసవిలో ఉదయం 7:30, చలికాలంలో 8:30. వాటిని మన మధ్యాహ్నం 1 గంటకు మార్చుకుంటే, అప్పటికి అక్కడ అందరూ నిద్రలో ఉంటారు, ఇక్కడ టీవీ ఇంకా ఎవరూ పెట్టరు.