విండోస్ 7 సిస్టమ్ కొత్త సర్వర్‌లోకి లాగిన్ కాకపోతే

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటోందా? పాస్‌వర్డ్ మార్చే ముందు గడియారం చూడండి. డొమైన్‌లో (ఆఫీసు సిస్టమ్‌ల లాగిన్లన్నీ ఒకచోట సర్వరే చూసుకునే ఏర్పాటు) సర్వర్ టైమ్‌కీ సిస్టమ్ టైమ్‌కీ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్‌ని సరిచూసే పద్ధతి కెర్బెరోస్ ఒప్పుకోదు. స్విచ్ ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయినట్టే. చాలావాటిలో అది సీఆర్2032.

తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, పాత సర్వర్ పేరుతో సేవ్ అయి ఉన్న పాస్‌వర్డ్‌లన్నీ తీసేయండి. అకౌంట్ పదేపదే లాక్ కావడానికి తరచూ కారణం ఇదే. డొమైన్ లేని ఆఫీసులో యూజర్‌నేమ్ ముందు సర్వర్ పేరు, బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

అప్పటికీ కాకపోతే లోకల్ సెక్యూరిటీ పాలసీలో 'లాన్ మేనేజర్ ఆథెంటికేషన్ లెవెల్' చూడండి. విండోస్ 7లో మామూలుగా ఎన్‌టీఎల్ఎంవీ2 (పాస్‌వర్డ్‌ని రుజువు చేసే పద్ధతుల్లో పాతవాటికంటే గట్టిది) మాత్రమే పంపేలా ఉంటుంది. పాత ప్రింటర్ కోసమో, నాస్ (నెట్‌వర్క్‌లో పెట్టే స్టోరేజ్ పెట్టె) కోసమో ఎవరో తగ్గించి ఉంటారు. తిరిగి అక్కడికే తేవాలి. హోమ్ ఎడిషన్లలో ఈ పాలసీ కనబడదు, రిజిస్ట్రీలో మార్చాలి.

ఎక్స్‌పీ సంగతి వేరు. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతుల్లో దానికి తెలిసింది ఎస్ఎంబీ1 ఒక్కటే, సర్వర్ 2019లో అది ముందుగా ఇన్‌స్టాల్ అయి రాదు. దయచేసి ఎక్కించకండి: 2017లో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ దారినే. విండోస్ 7కి ఎస్ఎంబీ 2.1 వచ్చు, దానికోసమైతే అసలు అక్కర్లేదు.